బండికంటే ముందొచ్చే చప్పుడు

దయ్యాల మాట ఎత్తితే విసుక్కునే మనిషిని నేను. మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. సమాధుల దొడ్డి పక్కనే మా ఇల్లు. మా అమ్మ వడియాలు పెట్టేది చదునుగా ఉన్న సమాధుల మీదే. వాటి మీద కూర్చునే నేను ఎక్కాలు బట్టీపట్టాను. ఒక్కనాడైనా ఎవరూ లేచి వచ్చింది లేదు. పెద్దయ్యాక మిల్లు ఉద్యోగంలో చేరాను. మిల్లులో పనిచేసేవాడికి నిద్ర తప్ప ఇంకోదాని మీద ధ్యాస ఉండదు. దయ్యాలకి భయపడాలన్నా కాస్త ఓపిక కావాలి.

అందుకే ఈ సంగతి ముగ్గురు నలుగురికి తప్ప చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఇందులో చచ్చిపోయినవాళ్లెవరూ లేరు. నీడలూ ఆకారాలూ లేవు. ఉన్నదల్లా ఒక పాత కారు, దాని చప్పుడు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనభైల మొదట్లో నేను చిలకలూరిపేటలో హైవే మీదున్న ఒక స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. నూలు వడికే యంత్రాల హోరు బయటికొచ్చాక కూడా చెవుల్లో తేనెతుట్టెలా మోగుతూనే ఉండేది. అప్పటికే నా ఎడమ చెవి సగం పోయింది. చెప్పబోయేది చెవికి సంబంధించిన విషయం కనక, ఈ మాట దాచిపెట్టడం న్యాయం కాదని ముందే చెబుతున్నాను.

నా భార్య సుగుణ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. గుంటూరు రోడ్డు పక్క సందులో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ముందర చిన్న వరండా, కాస్త ఖాళీ జాగా, ఇనప గేటు. పిల్లలు లేరు. ఆ విషయం గురించి ఇక్కడ ఏమీ రాయను. పక్కింట్లో మాణిక్యమ్మగారని రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒక్కతే ఉండేది. రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ.

ఇక కారు సంగతి.

మా మిల్లుకి పత్తి తోలే రైతు ఒకాయన ఉండేవాడు. ఒకసారి ఆయన గోదాములో సరుకు చూసి రమ్మని నన్ను పంపించారు. పత్తి పక్కనే మిరపకాయల టిక్కీలు, అదే గోనె బస్తాలు, అటక దాకా పేర్చి ఉన్నాయి. వాటి సందులోంచి ఒక గుండ్రటి దీపం కనిపించింది. కళ్లజోడు పెట్టుకున్న మనిషి దుప్పట్లోంచి తొంగిచూస్తున్నట్టుంది. ఏమిటిదని అడిగాను.

"కారండీ. పొగాకు కొనే దొర ఒకడు మా నాన్న దగ్గర వదిలేసి వాళ్ల దేశం పోయాడు. అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. పారేద్దామంటే లేవదు. ఈ ఏడు కాయకి చోటు చాలట్లేదు. పట్టుకుపోతారా చెప్పండి, ఇప్పుడే తోయిస్తా."

టిక్కీలు పక్కకి జరిపించాడు. నేను అప్పటిదాకా కారంటే అంబాసిడర్, ఫియట్. అంతకు మించి తెలియదు. ఇది నా నడుము ఎత్తు కూడా లేదు. పొడుగాటి ముక్కు, వెనక గుండ్రటి నడ్డి, మధ్యలో ఇద్దరు కూర్చునే జాగా. పైకప్పు లేదు. సైకిలు చక్రాలకున్నట్టు చక్రాలకి ఊచలు. ముదురాకుపచ్చ రంగు, చాలాచోట్ల తుప్పు. తలుపు తీసి లోపల కూర్చోగానే తోలు సీట్లోంచి ఏళ్ల నాటి మిరపఘాటు లేచి తుమ్ములు పట్టుకున్నాయి. ఆగకుండా తుమ్ముతూనే ఉన్నాను. ఆ రైతు నవ్వుతున్నాడు. నేను కూడా నవ్వాను. నవ్వి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

పాత ఇనప ధరకే ఇచ్చేశాడు. ట్రాక్టరుకి కట్టి ఇంటికి తెచ్చాం.

సుగుణ గేటు దగ్గర నిలబడి చూసింది. "ఇద్దరే కూర్చునే కారేంటండీ? సామాన్లెక్కడ పెడతారు?" అంది. నిజమే, సామాన్లకి చోటు లేదు.

దాన్ని బాగుచేయడం తెలిసినవాళ్లు పేటలో లేరు. గుంటూరులో ఒక పళ్ల డాక్టరుగారి దగ్గర ఇలాంటి కారు ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్లాను. పేరు శేషగిరిరావుగారు. ఆయన ఇంటి పెరట్లో ఒకటి కాదు, రెండున్నాయి. ఆదివారం పొద్దున అక్కడ పాత ఇంగ్లీషు కార్ల క్లబ్బు కూడేది. క్లబ్బంటే ఏదో అనుకునేరు. ఒక మిర్చి కమీషన్ వ్యాపారి, ఒక కాలేజీ లెక్చరరు, ఒక రిటైర్డ్ రైలు డ్రైవరు, ఇంకో ఇద్దరు ముగ్గురు. కార్లలో నడిచేవి తక్కువ, ఇటుకల మీద నిలబెట్టినవి ఎక్కువ. వేపచెట్టు కింద నాలుగు కుర్చీలు, కాఫీ, పాత ఇంగ్లీషు పత్రికలు. ఆ పత్రికల్లోని బొమ్మలు చూసే నేను నేర్చుకున్నాను. ఏ కారుకి ముక్కు ఎలా ఉంటుంది, జంట కార్బురేటర్లని ఎలా సమం చేయాలి, చక్రాల ఊచలని ఎలా బిగించాలి, ఇవన్నీ.

"సార్, ఇంత చిన్న కారులో వాళ్లు ఎక్కడికెళ్లేవాళ్లు?" అని మొదటిరోజే అడిగాను.

"ఎక్కడికీ కాదయ్యా దయానందం. ఊరికే వెళ్లేవాళ్లు. మనకి అర్థం కాదులే, మనం పనుంటేనే గడప దాటేవాళ్లం" అన్నారాయన.

ఊరికే వెళ్లడమనే మాట నాకు నచ్చింది. చేరిపోయాను. ఏడాదికి పైగా పట్టింది కారు కదలడానికి. సైలెన్సరు మాత్రం దొరకలేదు. పేటలో లారీ షెడ్డులో లారీ గొట్టాన్ని కోసి ఒకటి తయారుచేయించాను. దాంతో మా కారుకి దానిదే ఒక గొంతు వచ్చింది. కఫం పట్టిన మనిషి పాట ఎత్తుకున్నట్టు ఉండేది. ఇంకో లక్షణం కూడా ఉండేది. తాళం తీసేశాక ఇంజను వెంటనే ఆగేది కాదు. రెండుసార్లు దగ్గి అప్పుడు ఆగేది. ఆ చప్పుడు పేటలో ఇంకే బండికీ లేదు. లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు పొద్దస్తమానం తిరిగే ఊరే అయినా, సందు మొదట్లో మా కారు మలుపు తిరిగితే వీధి మొత్తానికీ తెలిసిపోయేది.

గేటు ముందు ఆపి దిగి మళ్లీ ఎక్కడం దానితో కష్టం. ఆగితే మళ్లీ కదలడానికి మారాం చేసేది. అందుకని చప్పుడు వినగానే సుగుణ బయటికొచ్చి గేటు తీసి పట్టుకునేది. నేను తిన్నగా లోపలికి పోనిచ్చేవాణ్ణి. అది మా ఇద్దరికీ అలవాటైంది.

మొదటిసారి ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఆలస్యంగా.

ఒక ఆదివారం సాయంత్రం గుంటూరు నించి వచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. సుగుణ వరండాలో ముఖం ముడుచుకుని కూర్చుంది.

"ఇందాక వచ్చి మళ్లీ ఎక్కడికెళ్లారు?" అంది.

"ఇందాక రావడమేంటి? ఇప్పుడేగా వస్తున్నా."

"సందులోకి వచ్చారు. గేటు ముందు ఆపారు. రెండుసార్లు దగ్గింది. నేను గేటు తీసేసరికి లేరు. అన్నం కూడా వడ్డించేశాను."

ఇంకో బండి అయ్యుంటుందన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు, ఇంకో బండి లేదని. కానీ అలసటగా ఉంది, చల్లారిన అన్నం తిని పడుకున్నాను.

తర్వాత వారం కూడా అంతే. ఆ తర్వాతా అంతే. కొన్నాళ్లకి సుగుణ అడగడం మానేసింది. చప్పుడు వచ్చినప్పుడు గేటు తీసి పెట్టేది, పొయ్యి మీద అన్నం ఎక్కించేది. ఆ అన్నం ఉడికేసరికి నేను వచ్చేవాణ్ణి. "మీరు ముందు ఒకసారి వస్తారు, తర్వాత ఇంకోసారి వస్తారు" అని తేలిగ్గా అనేది, పాలవాడి గురించి చెప్పినట్టు.

ఆమెకి భ్రమ అనుకుందామన్నా వీలు లేకుండా చేసింది మాణిక్యమ్మగారు. ఆవిడ బైబిలు తప్ప ఇంకేదీ నమ్మే మనిషి కాదు. ఒకరోజు గోడ మీదుగా నన్ను నిలదీసింది.

"ఏం నాయనా, గేటు దాకా వచ్చి వెనక్కి పోతావెందుకు? ఆ అమ్మాయి పరిగెత్తుకొస్తది గదా పాపం. ఏమన్నా ఆటా ఇది?"

నేను రాలేదని చెప్పాను. ఆవిడ నన్ను, స్కూల్లో అబద్ధమాడిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. అబద్ధం కాదని తెలిసినట్టుంది, లోపలికి పోయింది.

శేషగిరిరావుగారికి చెప్పాను. సాయంత్రం పూట చల్లగాలికి మైదానంలో చప్పుడు దూరం ప్రయాణిస్తుందన్నారు. ఎంత ప్రయాణించినా గుంటూరు నించి పేటకి వినపడదు కదా సార్ అన్నాను. "అదీ నిజమే" అని కాఫీ తాగారు.

ఒకసారి క్లచ్చి పోయి కారుని ఆయన పెరట్లోనే వదిలేసి బస్సులో వచ్చాను. బస్టాండు నించి నడుచుకుంటూ సందు తిరిగేసరికి గేటు తీసి ఉంది. సుగుణ నా వెనక చూసింది, కారేదీ అన్నట్టు.

"గుంటూర్లో ఉంది" అన్నాను.

ఆమె లోపలికెళ్లి కంచం పెట్టింది. నాకు మాత్రం ఆ రోజు మొదటిసారి ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా కారుదే ఏదో విచిత్రం అనుకున్నాను. దొర కారు, ఎవరి చేతుల్లోంచి వచ్చిందో, దానికేం చరిత్ర ఉందో అని లోలోపల అనుకునేవాణ్ణి. కారు రాలేదు. వచ్చింది నేను. అయితే ముందు వచ్చిన చప్పుడు ఎవరిది?

దాని లెక్క కనిపెట్టింది సుగుణే. ఒక ఆదివారం పెందరాళే బయల్దేరదామని లేచి "వెళ్లొస్తా సార్" అని చెప్పేశాను. చెప్పాక మాటల్లో పడి చాలాసేపు నిలబడిపోయాను. దారిలో యడ్లపాడు దగ్గర టైరు పంక్చరైంది. స్టెప్నీలో కూడా గాలి లేదు. ఇంటికి చేరేసరికి బాగా చీకటి పడింది. చప్పుడు మాత్రం ఎండ ఉండగానే వచ్చిందట. దారిలో ఏమేం జరిగిందో అన్నీ ఒకటికి రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. చెప్పించుకుని అంది:

"మీరు బయల్దేరినప్పుడు కాదండీ అది వచ్చేది. ఇంటికి పోదామని మీకు అనిపించినప్పుడు వస్తుంది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఆమెకి ఇచ్చిన ఏ వస్తువుకీ అలా వెలగడం చూడలేదు. ఆ కొన్ని నెలలూ మా ఇంట్లో బాగుంది. నేను మిల్లు నించి వచ్చినా చప్పుడు వినపడేదట. కారు గేటు లోపలే నిలబడి ఉండేది. నేను సైకిలు మీద వచ్చేవాణ్ణి. చప్పుడు మాత్రం కారుదే. "ఇవాళ షిఫ్టు మధ్యలోనే వచ్చేశారు మీరు" అని నవ్వేది. ఒకటి రెండుసార్లు ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని నరసరావుపేట రోడ్డు మీద ఊరికే తిప్పాను. పత్తి చేలు రెండు పక్కలా తెల్లగా పగిలి ఉన్నాయి. జుట్టు పాడవుతుందని కొంగు తలకి చుట్టుకుని, "ఇంక చాల్లెండి, అందరూ చూస్తున్నారు" అంది గానీ దిగుతాననలేదు.

అయితే ఆ లెక్కకి ఇంకోవైపు ఉందని మా ఇద్దరికీ తట్టలేదు.

క్లబ్బువాళ్లం ఒకసారి కనిగిరి కోట చూడ్డానికి బయల్దేరాం. నడిచే కార్లన్నీ వరసగా. అద్దంకి దాటాక చేలు పలచబడి రాళ్లనేల మొదలైంది. ఎర్రదుమ్ము, ముళ్ల కంప, మేకలు. కోట కొండ కింద కార్లు ఆపి పైకెక్కాం. పైన గాలి తప్ప చప్పుడు లేదు. నా చెవుల్లో హోరు కూడా ఆ గాలికి కాసేపు ఆగింది. ఒక రాతి మీద పడుకుని, ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుంటుంది అనుకున్నాను. అందరూ దిగుతుంటే దిగాను. అందరూ కార్లెక్కితే ఎక్కాను.

ఇంటికొచ్చేసరికి గేటు వేసి ఉంది. కారు ఆగిపోయింది. నేనే దిగి గేటు తీసుకుని, లోపలికి తోసుకున్నాను. సుగుణ వరండా మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉంది, లేవలేదు.

"ఇవాళ చప్పుడు రాలేదు" అంది.

"వచ్చాగా."

"మీరొక్కరే వచ్చారు."

ఆ రోజు నించి మా ఇంట్లో అది ఒక తూకం రాయైంది. మిల్లులో అప్పుడు పరిస్థితులు బాగాలేవు. కరెంటు కోతలు, షిఫ్టుల మీద షిఫ్టులు. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాడికి ఇల్లనీ కోటనీ ఏమీ ఉండదు, వాలడానికి ఇంత జాగా కావాలి, అంతే. అదే చెప్పాను. ఒక్కోరోజు నేను గడప ఎక్కుతుంటే నా ముఖం కూడా చూడకుండా, "రాలేదు" అని మాత్రం అనేది. నేను ఇంటికి రావాలనే అనుకున్నానని చెప్పినా లాభం లేదు, నా మాటకంటే ముందే సాక్ష్యం వచ్చేసింది, లేదా రాకుండా పోయింది. ఒక రోజు విసిగిపోయి, "మనిషి ఎదురుగా నిలబడి ఉంటే చప్పుడు కోసం ఏడుస్తావేంటి?" అని అరిచాను. "మీరు నిలబడి మాత్రమే ఉన్నారు గనకే" అంది.

ఆమెకీ అలసటే. పగలంతా నలభై మంది పిల్లల మధ్య అరిచి, ఇంటికొచ్చి సందు చివరి చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చోవడం. ఆ చెవి మూసుకోవడం ఎలాగో తనకి తెలియట్లేదని మాణిక్యమ్మగారితో అందట.

వేసవి సెలవులకి ఒంగోలులో ఉన్న అక్క దగ్గరికి వెళ్లింది. బళ్లు తెరిచే రోజొచ్చినా రాలేదు. సెలవు పొడిగించుకుంది. నేను ఒకసారి వెళ్లాను. వాళ్ల అక్క మంచినీళ్లిచ్చింది, బావ క్షేమసమాచారాలు అడిగాడు. సుగుణ నన్ను సందు చివరిదాకా సాగనంపింది. "నాకు రావాలనిపిస్తే వస్తానండీ. ఊరికే వచ్చి కూర్చోవడం నాకొద్దు" అంది. కోపంగా అనలేదు. నేను ఒక్కణ్ణే వెనక్కి వచ్చేశాను.

గుంటూరు వెళ్లడం మానేశాను. కారు ఇంజను పొగ వదులుతోందని వంక పెట్టి మొత్తం విప్పేశాను. ఇంజను పైభాగం, కార్బురేటర్లు, కవాటాలు వరండాలో పాత పేపర్ల మీద పరిచాను. లారీ గొట్టం సైలెన్సరు కూడా ఊడదీసి గోడకి ఆనించాను. విప్పడం వరకే చేతనైంది. బిగించడానికి చేతులు రాలేదు. అలాగే వారాలు గడిచాయి.

వానలు మొదలయ్యాయి. ఆ రోజు పొద్దున షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తినబుద్ధి కాక, వరండాలో ఆ ఇనప ముక్కల మధ్యే చాప వేసుకుని కూర్చున్నాను. వాన కురిసి వెలిసింది. చూరు నించి నీళ్లు కారుతున్నాయి. నేను నిద్రపోలేదు. తర్వాత విన్నవాళ్లు ఆ మాటే అడిగారు. లేదు, నిద్రపోలేదు. మిరపగింజ ఒకటి కార్బురేటరు గొట్టంలో ఇరుక్కుని ఉంటే అగ్గిపుల్లతో తీస్తున్నాను.

సందు మొదట్లో నా కారు మలుపు తిరిగింది.

నా చెవుల మీద నాకు నమ్మకం లేదని ముందే చెప్పాను. మాణిక్యమ్మగారు గోడ అవతల మాట్లాడితే రెండుసార్లు అడిగేవాణ్ణి. కానీ ఇది అలా వినపడలేదు. హోరు మధ్యలోంచి, హోరుని పక్కకి నెట్టి వచ్చింది. అదే గొంతు, అదే కఫం. గుంటల దగ్గర గేరు తగ్గించిన చప్పుడు. నేను తగ్గించే చోటే తగ్గింది. దగ్గరైంది. గేటు ముందు ఆగింది. రెండుసార్లు దగ్గింది.

నా ఎదురుగా పేపర్ల మీద ఆ కారు గుండెకాయ ముక్కలు ముక్కలుగా పడి ఉంది.

లేచి వెళ్లి గేటు తీశాను. భయపడ్డానా అని అడిగితే చెప్పలేను. గేటు తీయడమే ఆ చప్పుడుకి చేయాల్సిన పని, అంతవరకే తోచింది. సందులో ఎవరూ లేరు. బురదలో కొత్త చక్రాల జాడ లేదు. పెట్రోలు వాసన కూడా లేదు. తడిసిన మట్టి వాసనే.

గోడ మీదుగా మాణిక్యమ్మగారి తల కనిపించింది.

"ఏం బాబూ, బాగయిందా బండి? అప్పుడే బిగించేశావా?" అంది.

నేను వరండా వైపు చూపించాను. ఆవిడ పేపర్ల మీదున్న సామాన్లు చూసింది, గోడకి ఆనించిన సైలెన్సరు చూసింది, తెరిచిన గేటు చూసింది. తల మీద కొంగు సర్దుకుని, "ప్రభువా" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

గేటు వేయబుద్ధి కాలేదు. పొయ్యి వెలిగించాను. బియ్యం కడిగి పెట్టాను. ఇద్దరికి సరిపడా రెండు గ్లాసుల బియ్యం ఎందుకు పోశానో నన్నడగొద్దు.

అన్నం ఉడికి, వార్చి, మూత పెట్టాక గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది. సుగుణ. చేతిలో గుడ్డ సంచీ, ఇంకో చేతిలో గొడుగు. చీర కుచ్చెళ్లు బురదైపోయాయి. ఉత్తరం లేదు, కబురు లేదు.

గేటు దగ్గరే ఆగిపోయింది. "గేటెందుకు తీసి ఉంది?" అంది.

"బండి చప్పుడైంది. తీశాను."

ఆమె వరండాలోకొచ్చి ఇంజను ముక్కలని వంగి చూసింది. మెట్టు మీద కూర్చుంది. నేను కొంచెం అవతలగా కూర్చున్నాను.

తర్వాత తనే చెప్పింది. ఆ రోజు తను పేటకి రావడానికి బయల్దేరలేదు. గుంటూరులో పై అధికారిని కలిసి ఒంగోలుకి బదిలీ అడగాలని బస్సెక్కింది. పేటలో దిగే ఆలోచనే లేదు. మార్టూరు దాటాక వాన పట్టుకుంది. బస్సు కిటికీ రేకు కిందికి దిగలేదు, ఒళ్లంతా తడిసింది. పక్కన కూర్చున్నావిడ తన కొంగు తీసి కప్పింది. అప్పుడు, ఎందుకో తెలియదు, దిగిపోదాం, ఇంటికి పోదాం అనిపించిందట.

"అప్పుడు టైమెంతయి ఉంటుంది?" అన్నాను.

"నాకేం తెలుసు? వాచీ చూస్తానా?"

బస్సు అక్కణ్ణించి పేట చేరడానికీ, బస్టాండు నించి ఆమె నడిచి రావడానికీ పట్టే సమయమెంతో, నా అన్నం ఉడకడానికి పట్టే సమయం దాదాపు అంతే. ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను.

"రెండు దగ్గులూ వినపడ్డాయా?" అని అడిగింది.

"వినపడ్డాయి."

"పెద్దగానా?"

"పెద్దగానే."

ఆమె తల ఊపింది. కాళ్లు కడుక్కుని లోపలికెళ్లి, మూత తీసి చూసి, "అన్నం చిమిడిపోయింది" అంది. ఆ చిమిడిన అన్నమే తిన్నాం.

తర్వాత కారు బిగించాను. శేషగిరిరావుగారు రెండు ఆదివారాలు స్వయంగా వచ్చి సాయం చేశారు. ఆయనతో జరిగింది చెబితే, మీ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ధ్యాస ఎక్కువై వినపడి ఉంటుందన్నారు. మరి మాణిక్యమ్మగారికి మా మీద ఏం ధ్యాస అని అడిగితే నవ్వేశారు. పాస్టరుగారితో చెబితే ప్రార్థన చేశారు. మిల్లు డాక్టరు నా చెవులు చూసి, ఇలాంటి చెవుల్లో రకరకాల చప్పుళ్లు పుడతాయన్నాడు. పుడతాయి, ఒప్పుకుంటాను. నా చెవిలో పుట్టిన చప్పుడు పక్కింటావిడకి ఎలా వినపడిందో ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత కారు చాలా ఏళ్లు మా దగ్గరే ఉంది. ముందుగా వచ్చే చప్పుడు మాత్రం మళ్లీ రాలేదు. ఆమెకీ రాలేదు, నాకూ రాలేదు. దాని గురించి ఎదురుచూడ్డం కూడా ఇద్దరం మానేశాం. నేను అలసిపోయి వచ్చిన రోజు అలసిపోయి వచ్చానని చెబుతాను. ఆమె విసిగిపోయిన రోజు విసిగిపోయానంటుంది. అంతకంటే కనిపెట్టాల్సింది ఏమీ లేకుండా పోయింది.

నా విషయం ఎలాగో ఒకలా సర్దిచెప్పుకోవచ్చు. ఆ బండి నాది, నేను నడిపేవాణ్ణి, నా మనసు దాంట్లోనే ముందు వచ్చేసిందనుకోవచ్చు. కానీ ఆ వానరోజు ఇంటికి రావాలనుకున్నది సుగుణ. ఎప్పుడైనా ఆ మాట వస్తే ఆమె నన్ను ఒకటే అడుగుతుంది.

"నాకు కారు తోలడం రాదు కదండీ. మరి ఆ రోజు గేటు దాకా తోలుకొచ్చిందెవరు?"